ఏమీ లేనివాడి ధైర్యం

క్రీ.పూ. 326. తక్షశిల దాటి మూడున్నర కిలోమీటర్లు వెళ్తే, ఒంటిమీద నూలుపోగు లేని పదిహేనుమంది మనుషులు ఎండలో కనిపించారు. కొందరు నిలబడి ఉన్నారు, కొందరు కూర్చున్నారు, కొందరు రాళ్లమీద పడుకున్నారు. ఎవరిలోనూ చలనం లేదు. పొద్దు వాలేదాకా అలాగే ఉండి, తర్వాత లేచి ఊళ్లోకి వెళ్లిపోయేవారు. మిట్టమధ్యాహ్నం ఆ నేలమీద చెప్పుల్లేకుండా నడవడమే ఎవరివల్లా అయ్యేది కాదని వాళ్లను చూడడానికి వెళ్లిన గ్రీకువాడు రాసుకున్నాడు.

అతని పేరు ఒనెసిక్రిటస్. అలెగ్జాండర్ నౌకాదళంలో చుక్కాని పట్టేవాళ్లకు పెద్ద. మట్టి బానలో కాపురం చేసిన డయోజినీస్ దగ్గర చదువుకున్నవాడు. ఈ మునులు ఎవరు పిలిచినా రారనీ, మాట్లాడాలంటే వాళ్ల దగ్గరికే వెళ్లాలనీ అలెగ్జాండర్ విన్నాడు. తాను వెళ్తే రాజరికానికి చిన్నతనం, బలవంతంగా రప్పిస్తే మర్యాద కాదు. అందుకే ఇతన్ని పంపాడు.

రాళ్లమీద పడుకున్న కలనోస్ అనే ముని వచ్చినవాణ్ణి చూసి నవ్వాడు. అంగీ, వెడల్పాటి టోపీ, బూట్లు వేసుకుని అంత ఎండలో తత్వం తెలుసుకోవడానికి వచ్చాడు మరి. వినాలని ఉంటే అవన్నీ విప్పి వచ్చి ఇదే రాళ్లమీద పడుకోమన్నాడు. ఒనెసిక్రిటస్ ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు. అప్పుడు అందరిలోకీ పెద్దవాడైన మందనిస్ కలనోస్‌ను మందలించాడు. గర్వం తప్పని చెబుతూ నువ్వే గర్వపడతావేమని అడిగి, వచ్చినవాణ్ణి దగ్గరికి పిలిచాడు. అంత పెద్ద రాజ్యం ఏలుతూ కూడా జ్ఞానం కోసం ఆశపడుతున్న రాజు మెచ్చుకోదగినవాడేనన్నాడు. తన మాట ముగ్గురు దుబాసీల నోళ్లు దాటి గ్రీకువాడి చెవిన పడాలి. వాళ్లకు భాష తప్ప మరేమీ తెలియదు. బురదలోంచి పారిన నీరు తేటగా ఉండమంటే ఎలా ఉంటుందని ముందే హెచ్చరించాడు.

ఆ బురదనీటిలోంచి కూడా ఒక సంగతి చెక్కుచెదరకుండా మనదాకా వచ్చింది. మనసులోంచి సుఖాన్నీ దుఃఖాన్నీ తీసేసే బోధే అన్నిటికన్నా మంచిదని మందనిస్ అన్నాడు. బాధ వేరు, శ్రమ వేరు. బాధ మనిషికి పగ, శ్రమ చుట్టం. తాము శరీరాన్ని శ్రమకు అలవాటు చేసేది ఆలోచనను గట్టిపరచుకోవడానికేనట. ఆలోచన గట్టిదైతే తగవులు తీర్చవచ్చు, ఊరికీ మనిషికీ మంచి సలహా చెప్పవచ్చు. తక్షశిల రాజుకు ఆయన చెప్పిన సలహా కూడా అలాంటిదే. అలెగ్జాండర్‌ను ఆహ్వానించు, అతను నీకన్నా గొప్పవాడైతే నీకు మేలు, తక్కువవాడైతే నీవల్ల అతనికి మేలు అన్నది దాని సారం.

ఈ కథలో అందరూ బట్టల్లేకపోవడం దగ్గరే ఆగిపోతారు. గ్రీకులూ అక్కడే ఆగారు, ఇవాళ కుంభమేళాకు కెమెరాలు పట్టుకుని వెళ్లేవాళ్లూ అక్కడే ఆగుతున్నారు. మందనిస్ మాట జాగ్రత్తగా వింటే దిగంబరత్వం గమ్యం కాదని, అది ఒక సాధన అని తెలుస్తుంది. గరిడీలో పహిల్వాన్ దండీలు, బస్కీలు తీసేది దండీల కోసం కాదు. ఈ మునులు ఎండలో పడుకున్నదీ ఎండ కోసం కాదు.

గ్రీకులు వీళ్లందరినీ కలిపి జిమ్నోసోఫిస్టులన్నారు. నిజానికి ఆ రోజుల్లో ఒంటిమీద బట్ట విడిచి తిరిగిన మార్గాలు ఒకటి కాదు. మక్ఖలి గోసాలుడి వెంట నడిచిన ఆజీవకులు ఉన్నారు, జైన శ్రమణులు ఉన్నారు, వైదిక మార్గంలోని సన్న్యాసులు ఉన్నారు. తక్షశిలలో తాను చూసిన ఇద్దరూ బ్రాహ్మణులేనని అలెగ్జాండర్ వెంట వచ్చిన అరిస్టోబులస్ స్పష్టంగా రాశాడు. కొన్నేళ్ల తర్వాత పాటలీపుత్రానికి వచ్చిన మెగస్తనీస్ బ్రాహ్మణులనూ శ్రమణులనూ విడదీసి చెప్పాడు. నారబట్టలు కట్టి ఆకులూ అడవి పళ్లూ తిని బతికేవాళ్ల గురించి కూడా రాశాడు. వీళ్ల పుస్తకాలేవీ పూర్తిగా దక్కలేదు. స్ట్రాబో, అరియన్, ప్లూటార్క్ వంటి తర్వాతి రచయితలు ఎత్తి రాసుకున్నంత మేరే మిగిలింది.

మన వైపు ఆధారం ఇంకా పాతది. ఋగ్వేదం పదో మండలంలోని 136వ సూక్తం కేశి అనే జడలు కట్టిన మునిని వర్ణిస్తుంది. గాలినే మొలకు చుట్టుకున్న మునులు అక్కడ కనిపిస్తారు. యజ్ఞకుండం, ఋత్విక్కులు, దక్షిణలతో నిండిన గ్రంథంలో ఏ కుండమూ అక్కరలేని మనిషి మీద ఒక సూక్తం ఉండడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత జాబాలోపనిషత్తు పుట్టినప్పటి రూపంతోనే తిరిగే పరమహంసల పేర్లు చెబుతుంది. ఆరుణి, శ్వేతకేతువు, దుర్వాసుడు, జడభరతుడు, దత్తాత్రేయుడు ఆ వరుసలో వస్తారు.

సాధన ఎలా ఉండేదో అరిస్టోబులస్ కళ్లకు కట్టినట్టు చెప్పాడు. ఆయన చూసిన ఇద్దరిలో పెద్దవాడిది గుండు, చిన్నవాడికి జుట్టు ఉంది. ఇద్దరి వెనకా శిష్యులున్నారు. పనిలేనప్పుడు అంగడి వీధిలో గడిపేవారు. సలహా చెప్పేవాళ్లుగా వాళ్లకు ఎంత గౌరవమంటే అంగట్లో ఏది కావాలన్నా ఊరికే తీసుకోవచ్చు. ఎదురైన వర్తకులు నువ్వులనూనె తెచ్చి, కళ్లమీదుగా కారేంతగా తలమీద పోసేవారు. రాశులుగా పోసి ఉన్న నువ్వులూ తేనే తీసుకుని కలిపి ముద్దలు చేసుకుని తినేవారు.

ఒకరోజు అలెగ్జాండర్ భోజనాల దగ్గరికి వచ్చి, నిలబడే తిని, పక్కనే ఉన్న చోటికి వెళ్లి తమ ఓర్పు చూపించారు. పెద్దాయన వెల్లకిలా పడుకున్నాడు. వసంతంలో వానలు మొదలైన రోజులవి. ఎండ కాసింది, వాన కురిసింది, ఆయన కదల్లేదు. చిన్నవాడు మూడు మూరల దుంగ ఒకటి రెండు చేతులతో పైకెత్తి ఒంటికాలిమీద నిలబడ్డాడు. కాలు నొప్పి పుడితే రెండో కాలికి మారాడు. అలా రోజంతా గడిచింది.

ఇందులో కాలు మార్చుకోవడం అనే చిన్న సంగతి చాలా చెబుతుంది. అద్భుతం చూపించాలనుకున్నవాడు కాలు మార్చడు. సాధన చేసేవాడు మారుస్తాడు. ఎంతసేపు నిలవాలన్నది ముఖ్యం కానీ ఏ కాలిమీద అన్నది కాదు. తపస్సులో ఇలాంటి కొలత ఒకటి మొదటినుంచీ ఉంది. మనుస్మృతి వానప్రస్థుడికి వేసవిలో ఐదు మంటల మధ్య, అంటే చుట్టూ నాలుగు అగ్నులు, పైన సూర్యుడు, కూర్చోమని చెప్పింది. వానాకాలంలో ఆకాశం కింద ఉండాలి, చలికాలంలో తడిబట్టలతో ఉండాలి. ఈ కష్టాన్ని మెల్లమెల్లగా పెంచుకుంటూ పొమ్మంది. ఒక్కరోజులో మంటల మధ్య దూకమని చెప్పలేదు.

దీని వెనక ఉన్న తర్కం చలి, వేడి, ఆకలి, దాహం, మానం, అవమానం వంటి జంటల చుట్టూ తిరుగుతుంది. శాస్త్రం వీటిని ద్వంద్వాలంటుంది. మనిషి పగలంతా ఈ జంటల్లో ఒకదాన్నించి పారిపోతూ, ఇంకోదాని వెంట పరుగెడుతూ ఉంటాడు. ఆ పరుగు ఆగేదాకా ఆలోచనకు నిలకడ రాదు. ఆసనం కుదిరితే ద్వంద్వాలు దెబ్బ తీయలేవని పతంజలి యోగసూత్రాలు చెప్పేది ఇదే. ఈ ఓర్పునే వేదాంతులు తితిక్ష అన్నారు. పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం తితిక్ష కాదు. ఏడుపూ ఫిర్యాదూ లేకుండా, తప్పించుకునే ఆలోచన కూడా చేయకుండా ఓర్చుకుంటేనే అది తితిక్ష. చర్మం మీద ఎండ పడుతూనే ఉంటుంది, దాని గురించి లోపల నడిచే సొదే ఆగిపోతుంది. తక్షశిల రాళ్లమీద జరిగిన పని అదే.

మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు పెద్ద కొండరాతి మీద చెక్కిన తపస్సును చూసినవాళ్లకు ఆ ఒంటికాలి భంగిమ గుర్తుంటుంది. డొక్కలు బయటపడ్డ తాపసి చేతులు పైకెత్తి నిలబడి ఉంటాడు. అదే రాతిమీద కాస్త కిందుగా ఒక పిల్లి కూడా చేతులెత్తి అదే భంగిమలో నిలబడింది. దాని చుట్టూ ఎలుకలు. దొంగతపస్సు చేసి ఎలుకల నమ్మకం సంపాదించిన పిల్లి కథ మహాభారతం ఉద్యోగపర్వంలో ఉంది. తపస్సును అంత గౌరవంతో చెక్కిన చేతులే దొంగ తాపసినీ అక్కడే చెక్కాయి. ఈ మార్గాన్ని నమ్మిన సమాజం కళ్లు మూసుకుని నమ్మలేదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కరలేదు.

ఎండకూ వానకూ ఓర్వడం కన్నా కష్టమైనది తిండి దగ్గర నిగ్రహం. ధర్మశాస్త్రాలు సన్న్యాసి భిక్షకు వేళ పెట్టాయి. రోజుకు ఒక్కసారే వెళ్లాలి. వంటింటి పొగ ఆగాక, రోకలి చప్పుడు సద్దుమణిగాక, పొయ్యిలో నిప్పు ఆరాక, ఇంట్లో అందరూ తిని విస్తళ్లు తీసేశాకే గడప ముందు నిలబడాలి. అంటే ఆ ఇంటికి అక్కరలేనిదే తనకు దక్కాలి. వసిష్ఠ ధర్మసూత్రం ఇంకో షరతు పెట్టింది. ఏడు ఇళ్లు తిరగవచ్చు కానీ ఏ ఇళ్లన్నది ముందు అనుకోకూడదు. బాగా వండే ఇల్లు ఏదో సన్న్యాసికి కూడా తెలుస్తుంది కాబట్టే ఈ షరతు. పెట్టకపోతే దిగులు పడకూడదు, పెడితే పొంగిపోకూడదు.

తీసుకునే పద్ధతుల్లోనూ మెట్లున్నాయి. తుమ్మెద పువ్వు పువ్వు నుంచీ కాస్త తీసుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగి పిడికెడు తీసుకునేది మాధుకరం. గిన్నె కూడా లేకుండా దోసిలిలో పెట్టింది అక్కడే తినేవాడు కరపాత్రి. అన్నిటికీ పైమెట్టు అజగరవృత్తి. కొండచిలువ వేటకు పోదు. నోటి దగ్గరికి వచ్చింది తింటుంది, రాకపోతే పస్తుంటుంది. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు కావేరి ఒడ్డున, సహ్యాద్రి చరియమీద దుమ్ములో పడుకుని ఉన్న ఇలాంటి మునిని చూస్తాడు. ఏ ప్రయత్నమూ చేయనివాడికి ఇంత పుష్టి ఎలా వచ్చిందని సూటిగా అడుగుతాడు. తేనెటీగా కొండచిలువా తనకు గురువులని ముని జవాబిస్తాడు. తేనె కూడబెట్టిన ఈగను చంపి ఎవడో పట్టుకుపోతాడని ఒకదాని దగ్గర నేర్చుకున్నాడు, దొరికినదానితో ఊరుకోవడం రెండోదాని దగ్గర నేర్చుకున్నాడు. పోతన భాగవతం చదువుకున్న తెలుగువాళ్లకు ఈ ఘట్టం కొత్తది కాదు.

బట్ట విషయానికొస్తే, ఎవరు పడితే వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు విప్పేయమని ఈ సంప్రదాయం ఎన్నడూ అనలేదు. నారదపరివ్రాజకోపనిషత్తు సన్న్యాసుల్ని ఆరు మెట్లుగా విడదీసింది. కుటీచకుడికి శిఖ, జందెం, దండం, కమండలం, గోచీ అన్నీ ఉంటాయి. బహూదకుడు, హంస దాటి పరమహంస దగ్గరికి వచ్చేసరికి శిఖా జందెమూ పోతాయి, ఒక గోచీ, ఒక బట్ట, ఒక వెదురుకర్ర మిగులుతాయి. తురీయాతీతుడికి మిగిలేది ఒళ్లే. అవధూతకు నియమమంటూ ఉండదు. మెట్టు మెట్టుకూ ఒక్కో వస్తువు రాలిపోతుంది. ఏదీ ముందుగా పీకి పారేయకూడదు.

సన్న్యాసం పుచ్చుకునే రోజు జరిగే తంతులో ఈ మెట్లన్నీ కొన్ని క్షణాల్లో కళ్లముందు నడుస్తాయి. విరజా హోమం అవుతుంది. సంసారం, ధనం, కీర్తి మూడింటి మీదా ఆశ విడిచినట్టు చెప్పాలి. తనవల్ల ఏ ప్రాణికీ భయం కలగదని నీళ్ల సాక్షిగా మాట ఇవ్వాలి. తర్వాత జందెం, శిఖ నీళ్లపాలు చేసి, కట్టుబట్ట కూడా వదిలేసి ఉత్తర దిక్కుగా కొన్ని అడుగులు నడుస్తాడు. వెనకనుంచి గురువు ఆగమంటాడు. లోకంలో ఉండాలి కదా, లోకం కోసం ఈ గోచీ, ఈ కాషాయం, ఈ దండం తీసుకోమని ఇస్తాడు. శృంగేరి నుంచి కాశీ దాకా కాషాయం కట్టిన సన్న్యాసుల్ని మనం బట్టతోనే చూస్తాం. ఆ బట్ట గురువు అడిగితే మళ్లీ కట్టుకున్నది. దానికి ముందు ఆ నాలుగడుగులూ ఉన్నాయి.

అభ్యంతరం చెప్పినవాళ్లూ లోపలివాళ్లే. తెలుగునాట ప్రవర చెప్పుకునేటప్పుడు చాలా ఇళ్లలో వినపడే పేరు ఆపస్తంబుడిది. ఆయన ధర్మసూత్రం సన్న్యాసికి ఎవరో పారేసిన బట్ట కట్టుకోమంటుంది. కొందరు అన్నీ విడిచేయాలంటారని ఒప్పుకుంటూనే, అన్నీ విడిచి జ్ఞానం పొందితే చాలన్న వాదాన్ని నిలదీస్తుంది. తెలుసుకోవడం వల్లే క్షేమం దక్కేటట్టయితే ఇక్కడే, ఈ ఒంట్లోనే, దుఃఖం తెలియకుండా పోవాలి కదా అన్నది ఆయన ప్రశ్న. గట్టి ప్రశ్నే. తక్షశిలలో రాళ్లమీద పడుకున్నవాళ్లు ఈ ప్రశ్నకు ఒంటితో జవాబు చెప్పబోయారు. దుఃఖం ఇక్కడే, ఈ ఒంట్లోనే తెలియకుండా పోతుందా లేదా చూద్దామన్నారు.

సిగ్గు మాటేమిటని ఎవరైనా అడుగుతారు. పన్నెండో శతాబ్దంలో ఒక స్త్రీ దానికి జవాబు చెప్పింది. ఉడుతడి ఊరి అక్కమహాదేవి కౌశికుడనే రాజును వదిలి, కట్టుబట్టలు కూడా అతనికే విడిచిపెట్టి, ఒత్తైన జుట్టు ఒంటిని కప్పగా కల్యాణ నగరానికి నడిచి వచ్చింది. అక్కడి శివశరణుల సభ అయిన అనుభవ మంటపంలో అల్లమప్రభువు ఆమెను పరీక్షించాడని వీరశైవ కథనం. ఒంటిమీద మోహం లేకపోతే జుట్టుతో కప్పుకోవడం ఎందుకన్నాడు. అది తనకోసం కాదని, చూసేవాళ్ల మనసు నొచ్చుకోకూడదని అక్క చెప్పింది. గురువు వెనక్కి పిలిచి ఇచ్చే గోచీలో ఉన్నదీ ఇదే దయ. బట్ట అవసరం లేని స్థితి రావడం ఒక ఎత్తు, ఎదుటివాడికి ఇంకా అవసరమని గుర్తుంచుకోవడం ఇంకో ఎత్తు. ఆడమనిషిగా ఆ దారిలో ఆమె ఎదుర్కొన్న చూపులు మందనిస్‌కు ఎదురై ఉండవు. అందుకే ఈ సంప్రదాయంలో ఆమె ధైర్యాన్ని అందరికన్నా ఎత్తున పెట్టాలి. ఆమె చివరికి చేరింది మన శ్రీశైలానికే. పాతాళగంగ నుంచి కృష్ణలో పడవమీద వెళ్లేవాళ్లకు ఆమె పేరుతో ఉన్న గుహలు ఇప్పటికీ చూపిస్తారు.

ఇంత సాధన చేసి సంపాదించింది ఏమిటి? దీనికి జవాబు మళ్లీ మందనిస్ దగ్గరే దొరుకుతుంది. అలెగ్జాండర్ ఆయన్ను తన వెంట రమ్మన్నాడు. వస్తే కానుకలు, రాకపోతే శిక్ష. మెగస్తనీస్ చెప్పిన కథనం ప్రకారం మందనిస్ ఆ రెంటినీ పక్కన పెట్టాడు. నువ్వు ఇవ్వగలిగినది ఏదీ నాకు అక్కరలేదు, నువ్వు తీసుకోగలిగినది ఏదీ నా దగ్గర లేదన్నట్టు బదులిచ్చాడు. బతికి ఉన్నంతకాలం ఈ నేల తిండి పెడుతుంది, చస్తే పనికిరాని ఒళ్లొకటి వదిలిపోతుంది. అలెగ్జాండర్ ఆయన్ను బలవంతపెట్టలేదు. దారిపొడవునా కోటలు కూల్చుకుంటూ వచ్చినవాడికి ఇక్కడ కూల్చడానికి ఏమీ దొరకలేదు.

ఇంకో చోట మునులు రాజునూ సైన్యాన్నీ చూసి ఏమీ అనకుండా కాళ్లతో నేలను తన్నారట. ఏమిటని దుబాసీలు అడిగితే, ఎవడికైనా దక్కేది కాళ్ల కింద ఉన్న ఈ కాస్త నేలేనని, ఊళ్లు తగలబెడుతూ ఇంతదూరం వచ్చిన నీకూ చివరికి పాతిపెట్టడానికి సరిపడా నేలే మిగులుతుందని చెప్పారు. అరియన్ దీన్ని రాస్తూ అలెగ్జాండర్ ఆ మాటలు మెచ్చుకున్నాడనీ, చేసేది మాత్రం మానలేదనీ అన్నాడు. ప్లూటార్క్ చెప్పిన పదిమంది మునుల పరీక్షలో కూడా ఒక ప్రశ్న ఇలాంటిదే. అందరి ప్రేమా పొందాలంటే ఏం చేయాలని రాజు అడిగితే, చేతిలో బలం ఉండి కూడా ఎవరినీ భయపెట్టకుండా ఉండమని ఒక ముని చెప్పాడు. తనవల్ల ఏ ప్రాణికీ భయం లేదని నీళ్లలో నిలబడి మాట ఇచ్చినవాడి నోట రావలసిన జవాబే అది. భయపెట్టడు, భయపడడు.

కలనోస్ దారి వేరు. అతను అలెగ్జాండర్ వెంట వెళ్లాడు. ఎండిన తోలు ఒకటి నేలమీద పరిచి, ఒక అంచు తొక్కితే ఇంకో అంచు లేస్తుందనీ, నడుమ తొక్కితే అంతా అణుగుతుందనీ చూపించి, రాజ్యం నడిబొడ్డున ఉండి ఏలమని రాజుకు చెప్పాడని ప్లూటార్క్ రాశాడు. పర్షియా చేరాక అతనికి జబ్బు చేసింది. వయసు 73. వైద్యానికి ఒప్పుకోలేదు. చితి పేర్పించమన్నాడు. క్రీ.పూ. 324లో, సూసా ప్రాంతంలో, సైన్యమంతా చూస్తుండగా, పూలమాలలు వేసుకుని పాడుకుంటూ ఉన్న అతన్ని పల్లకీలాంటి దానిమీద తెచ్చారు. తనకోసం తెచ్చినా జబ్బువల్ల ఎక్కలేకపోయిన గుర్రాన్ని తన దగ్గర చదువుకున్న లిసిమాకస్‌కు ఇచ్చేశాడు. చితిమీద పడుకున్నాడు. మంట అంటుకున్నా కదల్లేదు. బూరలు మోగాయి, సైన్యం యుద్ధంలోలా కేక వేసింది, ఏనుగులు ఘీంకరించాయి.

గ్రీకులకు ఇది మరపురాని దృశ్యం. వాళ్ల పుస్తకాల్లో మందనిస్ కన్నా కలనోసే ఎక్కువ వెలిగాడు. కానీ భారతదేశంలోని మునులు అతన్ని మెచ్చలేదని మెగస్తనీస్ రాశాడు. ఆత్మహత్య తమ సిద్ధాంతం కాదని వాళ్లు చెప్పారు. తన మార్గం వదిలి రాజు బంతిలో చేరినవాడిగా, నిగ్రహం చాలనివాడిగా కలనోస్‌ను ఎంచారు. వాళ్ల తీర్పు సరైనదే. చితిమీద కదలకుండా పడుకోవడం అసాధారణమైన ఓర్పు. అందులో సందేహం లేదు. కానీ అది రాజు కట్టించిన చితి, రాజు నిలబెట్టిన సైన్యం చూస్తున్న చితి. తక్షశిలలో ఎవరూ చూడని మధ్యాహ్నాల్లో అదే రాతిమీద పడుకున్న మందనిస్‌కు ఆ చూపులు అక్కర్లేకపోయాయి. అరిస్టోబులస్ చూసిన పెద్దాయన కూడా బట్ట కట్టి, బతుకు తీరు మార్చుకుని రాజు వెంట చివరిదాకా వెళ్లాడు. ఎవరో తప్పుపడితే, మొక్కుకున్న నలభై ఏళ్ల నియమం పూర్తయిందని చెప్పాడట. ఒంటికాలిమీద నిలబడ్డ చిన్నవాడు మాత్రం కొద్దిదూరం వచ్చి, ఇంటికి తిరిగి వెళ్లిపోయాడు.

గ్రీకుల్లోనూ ఒకడు అసలు సంగతి పట్టుకున్నాడు. ఎలిస్ నగరవాసి పిర్రో తన గురువు అనక్సార్కస్ వెంట అలెగ్జాండర్ దండులో వచ్చి ఈ మునుల్ని కలిశాడు. రాజుల కొలువులో తిరిగేవాడు ఎవరికీ మంచి నేర్పలేడని ఒక భారతీయుడు అనక్సార్కస్‌ను తప్పుపట్టడం విన్నాడు. తిరిగి వెళ్లాక ఒంటరితనాన్ని కోరుకున్నాడు. దేనిమీదా తీర్పు తొందరపడకుండా, మనసు చలించకుండా బతకాలనే మార్గానికి ఆద్యుడయ్యాడు. గ్రీకు తత్వచరిత్రలో సంశయవాదం అతనితోనే మొదలవుతుంది.

ఈ మార్గం తర్వాత నిష్కళంకంగా సాగిందనలేం. పద్దెనిమిదో శతాబ్దానికి దిగంబర సన్న్యాసులైన నాగా గోసాయిలు కిరాయి దళాలుగా మారారు. 1761 పానిపట్టు యుద్ధంలో అనూప్‌గిరి గోసాయి దళం అవధ్ నవాబు షుజా ఉద్దౌలా పక్షాన నిలబడింది. మందనిస్ కాదన్న కొలువులోనే వాళ్లు చేరారు. ఒంటిమీద బట్ట లేకపోవడం ఒక్కటే ఎవరినీ మునిని చేయదని చెప్పడానికి పల్లవ శిల్పి పిల్లి ఉంది, ఇదీ ఉంది.

అయినా ఆ నిర్భయం తెగిపోలేదు, అందులో తెలుగువాళ్ల పాలు చాలా ఉంది. కాశీలో గంగ ఒడ్డున దిగంబరంగా, మౌనంగా, ఎవరైనా నోటికందిస్తే తింటూ బతికిన త్రైలింగస్వామి పేరులోనే మన త్రిలింగ దేశం ఉంది. విజయనగరం ప్రాంతంలో శివరాముడిగా పుట్టారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1868లో కాశీ వెళ్లిన రామకృష్ణ పరమహంస ఆయన్ను దర్శించి, నడిచే విశ్వనాథుడిగా కొలిచారు. ఆ ఇద్దరి మధ్య మాటలు లేవు, ఈశ్వరుడు ఒకడా అనేకుడా అన్న ప్రశ్నా, జవాబూ సైగలతోనే నడిచాయి. నగ్నంగా తిరుగుతున్నాడని పోలీసులు కొట్లో పెడితే తాళం వేసింది వేసినట్టే ఉండగా ఆయన జైలు కప్పుమీద తిరుగుతూ కనిపించాడని కాశీవాసులు చెప్పుకుంటారు. కథలోని అద్భుతాన్ని నమ్మినా నమ్మకపోయినా, దాన్ని చెప్పుకున్నవాళ్ల మనసు అర్థమవుతుంది. సర్కారు తాళానికి లొంగని మనిషి ఒకడు తమ ఊళ్లో ఉన్నాడని వాళ్లు నమ్మారు. 1887లో ఆయన సమాధి అయ్యారు.

ఆయనకన్నా ముందు, కావేరి ఒడ్డున సదాశివ బ్రహ్మేంద్రులు ఉన్నారు. తంజావూరు మరాఠా రాజు షాహాజీ పండితులకిచ్చిన తిరువిశనల్లూరు అగ్రహారంలో పెరిగిన తెలుగు కుటుంబం పిల్లవాడాయన. వాదనలో ఎవరినీ నిలవనిచ్చేవాడు కాదు. నీ నోరు ఎప్పుడు కట్టుకుంటావని గురువు పరమశివేంద్ర సరస్వతి ఒకరోజు అన్నారనీ, ఆ క్షణం నుంచీ ఆయన మాట్లాడడం మానేశాడనీ సంప్రదాయం. తర్వాత బట్టలూ వదిలేసి నదీతీరాల్లో తిరిగాడు. దారితప్పి ఒక నవాబు డేరాలోకి నడిచి వెళ్తే భటుడు చెయ్యి నరికాడని, ఆయన అది గమనించకుండానే సాగిపోయాడని కథ. పుదుక్కోట తొండమాన్ రాజు అడవిలో ఆయన్ను కలిస్తే ఉపదేశాన్ని ఇసుకలో వేలితో రాసి చూపారట. రాజు ఆ ఇసుకను ఎత్తించి కోటలో పూజలో పెట్టించుకున్నాడంటారు.

మాట మానేసిన ఈ అవధూత యోగసూత్రాలకు యోగసుధాకరమనే వ్యాఖ్య రాశారు, ఆత్మవిద్యావిలాసం రాశారు, పరమహంస ముద్రతో సంస్కృత కీర్తనలు కట్టారు. కరూరు దగ్గర నేరూరులో ఆయన సమాధి ఉంది, ఏటా ఆరాధన జరుగుతుంది. ఆయన కీర్తనల్లో ఒకటైన మానస సంచరరేను 1980లో శంకరాభరణం సినిమా కోసం బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడారు. ఆ తర్వాత సంగీతం నేర్వని తెలుగు ఇళ్లలో కూడా దాన్ని పాడుకుంటున్నారు.